లేపు మాట, నిలుపు మాట

వాక్కునకు రెండు శక్తులు గలవు. జనుల హృదయములను కదలించి లేపుట యొకటి. లేచిన జనులను వివేకముతో నిలుపుట రెండవది. మొదటిదానిని లోకము వాగ్ధాటి యని మెచ్చుకొనుచున్నది. రెండవదానికి మెప్పు తక్కువ. దానికొక పేరైనను స్థిరపడలేదు. అయినను ఒక దేశపు ప్రజాజీవనము ఆరోగ్యముగా నున్నదా లేదా యని తెలిసికొనవలెనన్న చూడవలసినది ఈ రెండవ శక్తినే. వర్తమానకాలమున లేపు మాటకు సాధనములు దినదినము పెరుగుచున్నవి. నిలుపు మాటకు వినువారే కఱవగుచున్నారు. ఉపాధ్యాయులును విద్యార్థులును నిదానముగా ఆలోచింపవలసిన విషయ మిది.

గుంటూరు విజయవాడల నడుమ జాతీయ రహదారి ప్రక్కన నున్న పెదకాకానినే ఉదాహరణముగా గైకొనవచ్చును. మల్లేశ్వరస్వామి ఆలయమునకును, బాజీబాబా దర్గాకును నిత్యము జనులు వచ్చిపోవు గ్రామ మది. ఎన్నికల దినములలో ప్రచారపు బండ్ల మైకులు ఒకదానిని మించి యొకటి మ్రోగును. మైకు అలసిపోయిన పిదప చేతిలోని ఫోను మొదలిడును. పూర్వము ఒక ఉపన్యాసము విన్నవారు దానిని గూర్చి అరుగులమీద కూర్చుండి తర్కించుకొనుటకు తీరిక యుండెడిది. నేడు ఉపన్యాసపు తునక చెవిని బడిన క్షణముననే మఱి పదుగురికి చేరిపోవుచున్నది. తర్కించుటకు పూర్వమే పంపుట ముగియుచున్నది.

ఇది కేవలము మర్యాదకు సంబంధించిన లోపము కాదు. 2018వ సంవత్సరమున పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి ఫోనుల ద్వారా దేశమంతట వ్యాపించెను. తెలుగు జిల్లాలలోను అమాయకులైన బాటసారులను జనులు పట్టి కొట్టిరి. ప్రాణములును పోయినవి. ఆ యేటనే వాట్సాప్ సంస్థ మన దేశమున ఒక సందేశమును ఒక్కసారిగా ఐదింటికి మించి పంపుటకు వీలులేకుండ కట్టడి చేసెను. మనుష్యుడు తనకు తాను వేసికొనవలసిన పగ్గమును యంత్రమే వేయవలసివచ్చినదన్న మాట.

తెలుగు కవులకు ఈ రెండు శక్తుల భేదము తెలియనిది కాదు. తిక్కన సోమయాజి ఉద్యోగపర్వము ఆద్యంతము మాటల పర్వమే. ధృతరాష్ట్రుడు సంజయుని రాయబారము పంపెను. శాంతిని గూర్చి సంజయుడు పలికిన పలుకులు మధురములే. కాని అందు పాండవులకు ఇచ్చెదమన్న దేమియు లేదు. ధర్మరాజు కోరినదో, అయిదూళ్లు. వేళ్లమీద లెక్కింపదగిన కోరిక యది. ఇచ్చినదియు ఈయనిదియు లోకమునకు తేటపడును. పిమ్మట శ్రీకృష్ణుడే రాయబారియై పోయెను. తిరుపతి వేంకటకవుల నాటకమువలన ఆ ఘట్టపు పద్యములు చదువురాని పల్లెవారి నోటను నిలిచినవి. అంతటి వాగ్మి పలికినను యుద్ధ మాగలేదు. కారణ మేమి? పరపక్షమువాడు ఎంత చెప్పినను పరపక్షపు మాటయే యగును. దుర్యోధనుని నిలుపవలసిన మాట తండ్రి నోట రావలసియుండెను. ఆ తండ్రి కొడుకు మనసు నొచ్చునని గట్టిగా నిలువలేకపోయెను. నిలుపు మాట స్వపక్షమునుండి రావలయునన్నది అందలి నీతి.

పురాణగాథను విడిచి సమీపచరిత్రకు వచ్చిన, ఈ రెండు శక్తులకును గుంటూరు జిల్లాయే ఒక్క సంవత్సరకాలములో నిదర్శనము చూపినది.

మొదటి నిదర్శనము నాటి గుంటూరు జిల్లాలోని చీరాల. మద్రాసు ప్రభుత్వము చీరాల పేరాల గ్రామములను కలిపి పురపాలక సంఘముగా చేసెను. సాలుకు నాలుగువేల రూపాయల ప్రాంతమున నున్న పన్ను నలుబదివేలకు పెరిగెను. ప్రభుత్వము దానిని అభివృద్ధి యన్నది. నేతపని చేసికొని బ్రతుకు జనులకు అది భారముగా తోచినది. 1921 ఏప్రిలులో గాంధీ చీరాలకు వచ్చి రెండు మార్గములు చూపెను: శాంతముగా పన్ను నిరాకరించుట, లేదా ఊరు విడిచిపోవుట. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండవ మార్గమునకు జనుల నొప్పించెను. పదునైదువేల జనాభాలో అధికభాగము ఇండ్లు వాకిళ్లు విడిచి, రామనగరమను పేర వెలసిన పాకలలో పదునొకండు మాసములు ఎండకు వానకు ఓర్చి నివసించిరి.

ఏ మాట యంతమందిని ఇల్లు కదలించినది? గోపాలకృష్ణయ్య ఎడింబరోలో ఎమ్.ఏ. చదివి వచ్చినవాడు. కాని ఆయన వేదికనెక్కినప్పుడు ఆ చదువు కనబడెడిది కాదు. పద్యము, పాట, చమత్కారము, శ్లేష, తోలుబొమ్మలాటవంటి జానపద కళలు, ఇవి కనబడెడివి. తాను కూర్చిన స్వచ్ఛంద సైన్యమునకు రామదండు అని పేరిడెను. ఆ ఒక్క పేరులో రామాయణ మంతయు ఇమిడియున్నది. వనవాసమునకు పోయిన రాముడు ధన్యుడైనప్పుడు పాకలోనికి పోయిన సాలెవాడు ఏల ధన్యుడు కాడు? ఈ భావమును వాదించి నిరూపింపనక్కఱలేదు, పేరుతోనే స్ఫురించును. అంతకుమించి, పొమ్మన్నవాడు తానును పాకలోనికి పోయెను. మాటకు వెల కట్టునది అదియే.

కాని లేపు మాటకు ఒక బలహీనత కలదు. అది పలికిన గొంతుతో ముడివడియుండును. బరంపురమున ఉపన్యసింపరాదన్న ఆజ్ఞను ధిక్కరించినందులకు గోపాలకృష్ణయ్యకు ఒక సంవత్సరము కారాగారశిక్ష విధింపబడెను. ఆయన తిరుచిరాపల్లి చెఱసాలకు పోయిన పిమ్మట ఉద్యమము క్రమముగా సడలి, జనులు తిరిగి ఇండ్లకు చేరిరి. గొంతు లేనప్పుడును జనులను నడపుటకు గొంతుకంటె స్థిరమైన దేదో కావలసియుండెను.

రెండవ నిదర్శనము పెదనందిపాడు. 1922 జనవరిలో ఆ ఫిర్కా రైతులు భూమిశిస్తు చెల్లింపమని నిలిచిరి. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకుడు. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిరి. జప్తులు జరిగినను, సైన్యమును గ్రామములలో నడపించినను, రైతులు బెదరలేదు, చేయి యెత్తలేదు. ఉద్యమము ఊపు మీద నున్నది. సరిగా ఆ దినములలో ఆంధ్ర కాంగ్రెసు నాయకుడైన కొండా వెంకటప్పయ్యకును గాంధీకిని ఉత్తరప్రత్యుత్తరములు నడచుచుండెను. గాంధీ పొగడలేదు, అడిగెను. 1921 నవంబరులో ఢిల్లీలో కాంగ్రెసు విధించిన నియమములు నెఱవేరినవా? ఖద్దరు వ్యాపించినదా? అహింస మనసులో నాటుకొన్నదా? హిందూ ముస్లిముల ఐకమత్యము నిజమేనా? అస్పృశ్యత తొలగినదా? లేనియెడల శిస్తు చెల్లించుటయే మేలని ఆయన అభిప్రాయము. ఫిబ్రవరిలో ఉద్యమము ఉపసంహరింపబడెను. చౌరీచౌరాలో జరిగిన హింస తరువాత అదే నెలలో బార్డోలీలో దేశమంతటికిని శాసనోల్లంఘనము నిలిపివేయబడెను.

జయించుచున్నామని తలచిన రైతునకు ఆ మాట ఎంత చేదుగా నుండెనో ఊహింపవచ్చును. ఆ నిర్ణయము సరియైనదా కాదా యను వివాదము నేటికిని తీరలేదు. తప్పులేని రైతులను మధ్యదారిలో నిలిపివేసిరని నొచ్చుకొనువారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. నిలుపు మాట ఒక్కొక్కప్పుడు బలవంతునికే ఉపకరించును. ఓర్పు పేరిట అన్యాయమును సాగనిచ్చుటయు కలదు. కాని పెదనందిపాటి విషయమున గమనింపవలసిన దింకొకటి. ఆ లేఖ ప్రభుత్వమును తిట్టుటకు వ్రాసినది కాదు, తన వారిని ప్రశ్నించుటకు వ్రాసినది. శత్రువును దూషించు ఉపన్యాసమునకు చప్పట్లు ముందే సిద్ధముగా నుండును. అస్పృశ్యత తొలగినదా యని సొంత అనుచరుల నడుగు లేఖకు చప్పట్లుండవు. అడిగిన ప్రశ్నయో, పరీక్షింపదగినది. మాలపల్లెలోని బావి యొద్ద నిలిచి చూచిన సమాధానము దొరకును. ధర్మరాజు అయిదూళ్లవలెనే ఇదియు లెక్కకు వచ్చు మాట.

ఈ కొలతతో వర్తమానమును కొలిచి చూడవచ్చును. 2025 ఫిబ్రవరిలో గుంటూరు మిర్చి యార్డులో ధర పడిపోయెను. మాజీ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి యార్డుకు వచ్చి రైతులతో మాటాడి ప్రభుత్వమును విమర్శించెను. ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు సాయము కోరుచు కేంద్ర వ్యవసాయ మంత్రికి లేఖ వ్రాసెను. ఆ నెలలోనే కేంద్రము మార్కెట్ జోక్యపు పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయల ధరను, 2.58 లక్షల టన్నుల పరిమితిని ప్రకటించెను. ఆ ధర చాలునా యన్నది వేఱు ప్రశ్న. అయినను అంకె బయటపడిన పిమ్మట రైతు తన అమ్మకపు చీటిని దాని ప్రక్కన నుంచి చూచుకొనగలడు. ఆ కొన్నాళ్ల మాటల రాశిలో రైతు చేతికి కొలతగా మిగిలినది అంకెయే. తక్కినవి ఉభయపక్షముల పరస్పర దూషణలు.

కాని పలుకబడని మాట యింకొకటి కలదు. ధర పలికిన మఱుసటి యేట మిరప సాగు పెరుగుట, పెరిగిన యేట ధర పడుట ఈ మైదానపు రైతులకు తెలియనిది కాదు. విత్తనము వేయుటకు ముందే ఊరూర తిరిగి, ‘ఈ యేడు కొంత తగ్గింపుడు’ అని తన పక్షపు రైతులతో చెప్పు నాయకు డెవ్వడు? ధర పడిన తరువాత యార్డులో చేయు ఉపన్యాసము సులభము. విత్తుటకు ముందు చెప్పు హితవు కష్టము. అది చెప్పినవానికి ఓటు తగ్గవచ్చును గాని, చెప్పనందువలన రైతునకు తగ్గునది అన్నము.

పాఠశాలకు ఇందు పాత్ర కలదు. వక్తృత్వపు పోటీలలో బహుమతి సామాన్యముగా గొంతుకును, కంఠస్థమునకును పోవుచున్నది. ఇప్పుడు కృత్రిమ మేధ క్షణములో ఉపన్యాసము వ్రాసియిచ్చుచున్నది. మాటలకు కొదువ లేదు. వానిని తూచు త్రాసు లేదు. ఉపాధ్యాయుడు ప్రతి ఉపన్యాసము తరువాత మూడు ప్రశ్నలు వేయుట అలవాటు చేయవచ్చును. ఇందు పరీక్షింపదగిన విషయ మేది? చెప్పినవాడు దీనికి తానేమి వెల చెల్లించెను? తన వారికి నచ్చని మాట ఒక్కటియైన పలికెనా? లేఖారచన పాఠమున సెలవు చీటీలతో సరిపెట్టక, తన జట్టువారికి వారి తప్పును మర్యాదగా తెలుపు ఉత్తరము నొకదానిని వ్రాయించిన, ఆ విద్యార్థి సంవత్సరమంతయు నేర్చిన అలంకారములకంటె ఎక్కువ నేర్చుకొనును.

పదవ తరగతి చదువు బాలుడు మూడేండ్లలో ఓటరగును. అప్పుడు వానిని లేపుటకు వెయ్యి గొంతులు కాచుకొనియుండును. లేచుటకు ముందు ఒక్క క్షణము నిలుచుట ఆ వెయ్యి గొంతులలో నొక్కటియు నేర్పదు. దానిని నేర్పుటకు వానికి మిగిలినది తరగతిగది యొక్కటే.