తొక్కలే కదా అని పారేయకండి!
బత్తాయి రసం తీశాక తొక్కలు ఎక్కడ పడేస్తున్నారు? నేనలాగే మూతలేని బుట్టలో వేసి వంటపనిలో పడ్డాను. మా టామీ కాస్తా వాటిని నమిలేసింది. సాయంత్రానికి ఒకటే చొంగ, వాంతులు. పశువుల డాక్టరుగారు చెబితేగానీ నాకు తెలియలేదు.

నిమ్మ, నారింజ, బత్తాయి, దబ్బ - వీటి తొక్కల్లో, గింజల్లో, ఆకుల్లో ఉండే నూనెలు కుక్కలకీ, పిల్లులకీ పడవు. కుక్కకి పెట్టాలనిపిస్తే తొక్కా, గింజా తీసిన కమలాతొన ఒకటి చాలు. షుగరున్న కుక్కకి అదీ వద్దు. పిల్లికి అసలే వద్దు. గోమార్లు పోతాయని నిమ్మచెక్కతో ఒళ్ళు రుద్దకండి. అవి ఒళ్ళు నాక్కుంటాయి కదా! పొరపాటున తింటే చిట్కావైద్యాలు చేయక డాక్టరుకి చూపించండి.

టామీ మూడోరోజుకి తేరుకుంది. ఆనాటినుంచీ మా చెత్తబుట్టకి మూత ఉంటోంది. మీరూ పెట్టండి.