"చూద్దాంలే!"

తెలుగును 'తూర్పు ఇటాలియన్' అంటే మనకు మహా సంతోషం. మాటలు అచ్చులతో ముగుస్తాయని ఆ పోలిక. అయితే పోలిక అక్కడితో ఆగలేదు మిత్రులారా! "ఆదివారం వస్తావా?" అని అడిగితే మనం "చూద్దాంలే" అంటాం. ఇటలీలోనూ "వెదియామో" అంటారు. దాని అర్థమూ 'చూద్దాం' అనే! రానని చెప్పకుండా తప్పుకోడానికి రెండు భాషల్లోనూ ఒకటే దారి.

తేడా మరో మాట దగ్గరుంది. తీరిక ఉంటే వాళ్ళు "సోనో లిబెరో" అంటారు, ఆడపిల్లయితే "లిబెరా". నేను స్వేచ్ఛగా ఉన్నానని దాని అర్థం. మనమో? "ఖాళీగా ఉన్నాను" అంటాం. ఖాళీ కుండ, ఖాళీ బస్తా, ఖాళీ మనిషి! అందుకే ఖాళీ అని ఒప్పుకోడానికి నామోషీ, కుదరదని చెప్పడానికి మొహమాటం. రెంటికీ మధ్య "చూద్దాంలే".

ఈ మొహమాటం ఖరీదు తెలియాలంటే మా తోట్లవల్లూరు వైపు రండి. కోతల రోజుల్లో ముఠా మేస్త్రి "చూద్దాం బాబూ" అన్నాడంటే రైతు ఇంకో ముఠాను పిలవలేడు, వీళ్ళను నమ్ముకోనూ లేడు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కృష్ణా జిల్లాలో చేతికొచ్చిన వరి తడిసిపోయింది. అలాంటప్పుడు ఒక్క రోజు తేడా అంటే ఏడాది కష్టం. "రేపు రాలేమండీ" అని ముందే చెప్పే మేస్త్రిని మా నాన్న ఎన్నడూ తిట్టలేదు.

'చూద్దాం' ఎప్పుడూ అబద్ధమని నేననను. వానా, కాలవ నీళ్ళూ, కరెంటూ తన చేతిలో లేని రైతు ఇంకేమంటాడు? ఆయన ఆకాశం చూసి అంటాడు. మనం మాత్రం ఎదుటివాడి మొహం చూసి అంటున్నాం! రక్తదానానికి పేరిచ్చి ఆఖరి నిమిషంలో రాకపోతే నష్టం ఎవరికి?

ఇటాలియన్‌లో "ఓ ఉన్ ఇంపెన్యో" అనే మాటుంది. నాకు ఒప్పుకున్న పని ఉందని అర్థం. పనేమిటో వివరించక్కర్లేదు, సాకు కల్పించక్కర్లేదు. మనమూ కుదరకపోతే "కుదరదు" అందాం. తేలకపోతే "రేపు సాయంత్రంలోగా చెబుతా" అందాం, ఆ గడువులోగా చెప్పి తీరుదాం. కాదన్నవాడి మీద అలగడం కూడా మానాలి సుమా! మన అలకకు భయపడేగా వాడు "చూద్దాంలే" అనేది.