అంధత్వము - అంధకారము

"అంధకారము" అను పదమును విడదీసి చూడుడు. అంధునిగా చేయునది యని దాని యర్థము. దీపమారిన గదిలో కన్నులున్నవాడును తడుముకొనును గాన, మన పూర్వులు చీకటికి ఆ పేరు పెట్టిరి. పేరు చక్కగనే యున్నది. కాని లోకులు దానిని తలక్రిందులు చేసి, అంధులెల్లరు చీకటిలోనే యున్నారని నిశ్చయించుకొనిరి. రెండు నిమిషములు కన్నులు మూసికొని, "అయ్యో! వారి బ్రతుకంతయు నిట్టిదే కదా!" యని నిట్టూర్చువారు పెక్కుమంది. ఈ యూహ సరియైనది కాదనియు, దీనివలన అంధులకు మేలుకంటె కీడే యెక్కువ యనియు నా యభిప్రాయము.

మొదట అంధులనగా నెవరో తెలిసికొనవలెను. చూపు బొత్తిగా లేనివారు మాత్రమే అంధులని మనము తలంతుము. మన దేశమున 2016వ సంవత్సరమున వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము అట్లు చెప్పుట లేదు. ఆరోగ్యముగల కన్ను 60 మీటర్ల దూరమునుండి గుర్తింపగల యక్షరమును, తగిన కంటద్దములు ధరించియు, రెండు కన్నులలో మేలైన దానితో 3 మీటర్ల దూరమునుండియైనను గుర్తింపలేనివారిని ఆ చట్టము అంధులలో చేర్చినది. చూపు పరిధి 10 డిగ్రీల కోణముకంటె తగ్గినవారును అంధులే. చేయి చాచి పిడికిలి బిగించి చూడుడు. ఆ పిడికిలి కప్పినంత మేర ఇంచుమించు 10 డిగ్రీలు. అందుచేత అంధులనబడువారిలో పెక్కుమందికి వెలుగో, రంగో, కదలికయో ఏదో యొకటి తెలియుచునే యుండును.

ఆ తెలియుటయు నందరకు నొక్క రీతిగా నుండదు. శుక్లము ముదిరినవారికి లోకము ఆవిరి పట్టిన అద్దము వెనుక నున్నట్లు తోచును. దీపము వెలిగినది తెలియును గాని, దాని చెంత నిలిచిన మనుష్యుడెవరో తెలియదు. రెటీనా నడిభాగము చెడినవారికి ఎదుటివాని మొగము కనబడదు గాని, ప్రక్కనున్న గుమ్మము కనబడును. నీటికాసుల వ్యాధి పెక్కుమందిలో చూపును అంచులనుండి హరించుచు వచ్చును. వంశపారంపర్యముగా వచ్చు మరియొక రెటీనా వ్యాధిలో మొదట రేచీకటి కలుగును. పిమ్మట చూపు కుదించుకొనిపోయి, వెదురుగొట్టములోనుండి చూచినట్లగును.

ఇట్టి చూపుగల విద్యార్థి యొకడు నేను పనిచేసిన పాఠశాలలో చదివెను. పట్టపగలు పుస్తకము చేతబట్టి చక్కగా చదివెడివాడు. ప్రొద్దు వాలగానే గోడను తాకుచు నడచెడివాడు. త్రోవలో నున్న నీళ్లబిందెను తన్నుకొని పడెడివాడు. తోడిపిల్లలు వానికి "దొంగగ్రుడ్డి" యని పేరు పెట్టిరి. "చదువుటకు కన్నులున్నవి, నడచుటకు లేవా?" యని వారి ప్రశ్న. నిజముగనే లేవు. అక్షరము గొట్టములో నిముడును, త్రోవ ఇమడదు. తెల్లకర్ర పట్టినవాడు చేతిగడియారము చూచుకొన్నచో నటించుచున్నాడని శంకించువారు నేటికిని కలరు. అంధులకు చీకటి తప్ప వేరొకటి యుండదను భ్రమయే ఆ శంకకు మూలము.

ఇక చూపు నెరిగి పిదప కోల్పోయినవారి మాట వినుడు. ఆంగ్లకవి మిల్టన్ 1652 నాటికి పూర్తిగా అంధుడయ్యెను. ఆయన 1654లో ఒక మిత్రునికి లేఖ వ్రాయుచు, తన కన్నుల ముందున్నది నలుపుకంటె తెలుపునకే దగ్గరగా నున్నదని తెలిపెను. అర్జెంటీనా రచయిత బోర్హెస్ 1977లో తన అంధత్వమును గూర్చి ఉపన్యసించుచు, తనకు దూరమైన రంగులలో నలుపొకటి యనెను. చిమ్మచీకటిలో నిద్రించుట కలవాటుపడిన తన్ను, పచ్చనిదో నీలమో యగు పొగమంచు ఎల్లప్పుడును కమ్మియుండుట బాధించెననెను. జెనీవా నగరపు శాస్త్రజ్ఞుడు చార్లెస్ బోనె 1760లో తన తాతను గూర్చి వ్రాసిన విషయము మరింత వింతయైనది. చూపు మందగించిన ఆ వృద్ధునికి ఎదుట లేని మనుష్యులు, పక్షులు, బండ్లు, భవనములు కనబడుచుండెను. ఆయనకు మతి చక్కగనే యుండెను. కంటినుండి వార్త రానపుడు మెదడు ఊరకుండక తానే చిత్రములను కల్పించుకొనుట కలదు. వైద్యులు నేడు దానిని బోనె పేరుతోనే వ్యవహరింతురు.

మరి పుట్టుకనుండి వెలుగునే యెరుగని వారికి నలుపైనను కనబడునా? కనబడదు. నలుపును చూపునకు అందెడి విషయమే. మీ వీపు వెనుకనున్న గోడ ఇప్పుడు మీకు నల్లగా కనబడుచున్నదా? లేదు, అది మీ చూపులోనే లేదు. వలసపోవు పక్షులలో కొన్ని భూమియొక్క అయస్కాంతబలమును గ్రహించి దిక్కు తెలిసికొనును. మనకా శక్తి లేదు. ఆ లేమి మనకొక చీకటిగా తోచుచున్నదా?

అట్టివారికి హఠాత్తుగా చూపు వచ్చినచో, చేతితో తాకి యెరిగిన గోళమును, ఘనమును కంటితో వెంటనే గుర్తింతురా యని ఐర్లండు పండితుడు మోలినూ 1688లో జాన్ లాక్ అను తత్త్వవేత్తను ప్రశ్నించెను. దానికి మన దేశపు పిల్లలే సమాధానము చెప్పిరి. శాస్త్రజ్ఞుడు పవన్ సిన్హా నెలకొల్పిన ప్రకాశ్ పథకమున శస్త్రచికిత్సతో చూపు పొందిన అయిదుగురిని పరీక్షించి, ఆ ఫలితములను 2011లో ప్రకటించిరి. తాకి యెరిగిన వస్తువును చూపుతో వారు వెంటనే గుర్తింపలేకపోయిరి. కొన్ని దినములలోనే నేర్చుకొనిరి. చూచుటయు చదువువలె నేర్చుకొనవలసిన విద్యయే. చెవితో త్రోవ నెరుగుట, వ్రేలితో చదువుట కూడ అట్టి విద్యలే. రెండు నిమిషములు కన్నులు మూసికొన్నవానికి అవి యెట్లు తెలియును?

"వారి కష్టమును ఊహించుట దయాగుణమే కదా" యని కొందరనవచ్చును. ఆ రెండు నిమిషములలో మనకు తెలియునది మన భయమే గాని వారి జీవితము కాదు. ఆ భయమును వారికంటగట్టి, సాయమడుగని వాని రెక్క పట్టి లాగుదుము; పెద్ద యక్షరములు చదువగలవానికి అట్టి పుస్తకమీయక ఒక మూల కూర్చుండబెట్టుదుము. ఏనుగును తడిమిన అంధుల కథ చెప్పుకొని మనము నవ్వుదుము. అంధత్వమను ఏనుగు విషయమున మాత్రము, కన్నులున్న మనమే తోక పట్టుకొని చీపురనుచున్నాము.

విద్యార్థులారా! మీ తరగతిలో చూపు తక్కువైన తోటివాడున్నచో వానిని జూచి నిట్టూర్పకుడు, పరీక్షింపకుడు. "నీకెంతవరకు కనబడును? నేనేమి చేయవలెను?" అని యడుగుడు. వాడు చెప్పిన దానిని నమ్ముడు. వానికి కిటికీప్రక్క చోటు కావలసియుండవచ్చును, నల్లబల్లమీది పాఠము చదివి వినిపించువాడు కావలసియుండవచ్చును, ఏమియు నక్కరలేకపోవచ్చును. ఏది కావలెనో వాడే యెరుగును.