అరవికసించిన ప్రాణి ప్రయోజనము

పోకెమాన్ అను క్రీడను గూర్చి పాఠశాలా వార్షిక సంచికలో వ్యాసము వ్రాయుట తగునా యని పెద్దలలో కొందరు సందేహింపవచ్చును. రేపల్లె పాసింజరులో కూర్చుండియు, బాపట్లలో బంధువుల యిండ్ల అరుగుల మీదను, తెనాలిలో విరామపు గంట కొట్టిన పిమ్మటను మన బాలురు దేనిని గూర్చి అంత పట్టుదలతో వాదించుకొనుచున్నారో దానిని మనము బొత్తిగా నెరుగకుండుటకంటె, కొంత తెలిసికొని మంచిచెడ్డలు విచారించుట మేలని నా యభిప్రాయము. వారి వాదములలో తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి యున్నది. పూర్తిగా పెరుగని ప్రాణిని జట్టులో నుంచుకొనుట తెలివియా, కాదా? ఈ ప్రశ్న ఆటవస్తువు వంటిదే యైనను, దానికి చెప్పు సమాధానమును బట్టి మన యాలోచనా రీతి కొంత బయటపడుచున్నది.

ఆట నెరుగని తలిదండ్రుల కొరకు రెండు మాటలు. దీనిని 1996లో జపాను దేశమున తజిరి సతోషి యను నాతడు తన మిత్రులతో గూడి వెలువరించెను. ఆయనకు బాల్యమున పురుగులను పట్టి సేకరించుట వేడుక. ఆ వేడుకయే ఈ యాటకు మూలము. మొదట 151 ప్రాణులుండెను. ఇప్పుడు వేయికి మించినవి. ఆడువాడు వానిని పట్టి, పెంచి, పోరాటములలో నిలుపును. అనుభవము హెచ్చిన కొలది ప్రాణి మెట్లెక్కుచు, ఒకానొక మెట్టున రూపము మార్చుకొని బలిష్ఠమగును. ఈ మార్పునకు ఆటవారు పరిణామమను పేరు పెట్టిరి. ప్రకృతిశాస్త్రము బోధించువాడను గనుక ఒక సవరణ చేయక తప్పదు. పరిణామము జాతికి తరతరములుగా కలుగునదే గాని ఒక ప్రాణికి ఒక నిమిషములో కలుగునది కాదు. గొంగళిపురుగు సీతాకోకచిలుక యగుటను మనము రూపవిక్రియ యందుము. ఆటలోని మార్పు ఇటువంటిదే. ఆ పేరును జూచి కలతపడు తలిదండ్రులు నిశ్చింతగా నుండవచ్చును; పరీక్షలో ఆ పేరు వ్రాయు బాలురు మాత్రము జాగ్రత్తగా నుండవలెను.

ఇక ప్రస్తుతాంశము. బాలురలో ఎక్కువమంది మతము ఇది: "మధ్యరూపము దారిలోని మజిలీ వంటిది, త్వరగా దాటిపోవలెను." నేను దీని నంగీకరింపను. నాకు సాక్ష్యము చాన్సీ యను గులాబివన్నె ప్రాణి.

చాన్సీ చరిత్ర చిత్రమైనది. 1996లో అది పూర్ణరూపముగనే పుట్టినది; దానికి ముందు రూపము గాని, తరువాతి రూపము గాని లేదు. 1999లో ఆటవారు బ్లిస్సీ యను పైరూపమును కల్పించిరి. నాటినుండి చాన్సీ అసంపూర్ణమయ్యెను. 2006లో హాపినీ యను శిశురూపమును గూడ చేర్చగా అది నడిమిదయ్యెను. ఈ పదేండ్లలో చాన్సీలో తరుగుదల యేమియు కలుగలేదు. దానికి పైన నొక మెట్టు కట్టిరి, అంతే. ఒకప్పుడు ఎస్.ఎస్.ఎల్.సి. ముగించినవానిని చదువు ముగించినవాడని ఊరివారు గౌరవించి, జాబులు వ్రాయించుకొనుటకు, దస్తావేజులు చదివించుకొనుటకు అతని వద్దకు వచ్చుచుండిరి. నేడు అదే వయసు బాలుని మనము "ఇంకను ఏమియు కానివా"డందుము. పైన మెట్లు పెరుగుటచేత నట్లనుచున్నాము గాని, వాని తెలివి తరిగి కాదు.

2010లో ఆటలోనికి ఈవియొలైట్ అను మణి వచ్చినది. ఇంకను రూపము మారవలసియున్న ప్రాణి దీనిని ధరించినచో, దాని దేహరక్షణయు విశేషరక్షణయు ఒకటిన్నర రెట్లగును. పూర్తిగా పెరిగిన ప్రాణికి దీనివలన ప్రయోజనము సున్న. ఇప్పుడు లెక్క జూతము. చాన్సీ మూలబలముల మొత్తము 450, బ్లిస్సీది 540. ఈ లెక్కను మాత్రమే చూచినవాడు బ్లిస్సీనే ఎంచుకొనును. రెండును నూరవ మెట్టునకు చేరినవనియు, పుట్టుబలము రెండింటికిని పూర్ణముగ నున్నదనియు, ప్రాణబలమునందును దేహరక్షణయందును పూర్తి శిక్షణ నొందినవనియు, స్వభావము గూడ దేహరక్షణ కనుకూలమైనదనియు అనుకొందము. ప్రాణబలము చాన్సీకి 704, బ్లిస్సీకి 714. దేహరక్షణ మణి ధరించిన చాన్సీకి 178, బ్లిస్సీకి 130. విశేషరక్షణ చాన్సీకి 369, బ్లిస్సీకి 306. చిన్నదే యెక్కువ దెబ్బలకు తాళుచున్నది! చాన్సీకి కొట్టు బలము మిక్కిలి తక్కువ యందురా? సీస్మిక్ టాస్ అను దెబ్బ కొట్టువాని మెట్టెంతయో అంతయే నష్టము కలిగించును. నూరవ మెట్టున నున్న చాన్సీ నూరు తీయును, బ్లిస్సీయు నూరే తీయును. బలహీనుడైన బాలునికి తగిన పని నప్పగించుటన నిదియే.

అయినను నేను చాన్సీకి వకాల్తా పుచ్చుకొన్నవాడను కాను. ఒక ప్రాణి ఒకే వస్తువును ధరింపగలదు. మణిని ధరించిన చాన్సీ, వంతు వంతునకు ప్రాణబలములో పదునారవ పాలు తిరిగి యిచ్చు లెఫ్టోవర్సును ధరింపజాలదు. 2019లో వచ్చిన దళసరి బూట్లను తొడుగజాలదు. ఆ బూట్లు లేనిచో, శత్రువు నేలపై పరచిన రాళ్లు రంగమున ప్రవేశించిన ప్రతిసారియు గ్రుచ్చుకొనును. అంతకంటె పెద్ద ఆపద నాక్ ఆఫ్ అను దెబ్బ. అది చేతిలోని వస్తువును పడగొట్టును. 2013 నుండి వస్తువున్న శత్రువు మీద దాని బలము ఒకటిన్నర రెట్లగుచున్నది. మణి పడిపోయిన చాన్సీకి మిగులునది దేహరక్షణ 119, విశేషరక్షణ 246. అప్పుడది బ్లిస్సీకి అన్నిటను తీసికట్టే. కనుక ఎదుటిజట్టులో నాక్ ఆఫ్ నేర్చినవారు ఇద్దరు ముగ్గురున్నచో బ్లిస్సీయే మేలు, లేనిచో చాన్సీ. విలువ ప్రాణిలో మాత్రమే లేదు. ఆసరాలోను, తావులోను, ఎదుటివానిలోను గూడ నున్నది.

ఇట్టి సంగతి మన ప్రాంతపు రైతులకు క్రొత్త గాదు. నిజాంపట్నము వైపు చెరువులలో రొయ్యలు పెంచువారి నడుగుడు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల నాప్లియస్, జోయియా, మైసిస్ అను దశలు గడచి పోస్టు లార్వా యగును. చెరువులో విడుచుటకు రైతు హేచరీలో బేరమాడి కొనునది ఆ పోస్టు లార్వానే. దానికి ముందు దశ చెరువునీటికి తాళదు. పెరిగిన రొయ్యను విత్తనముగా నెవడును కొనడు. బాపట్ల యిసుకనేలలలోని తాటిచెట్టు మరియొక తార్కాణ. లేతకాయలోని ముంజెకు వేసవిలో నున్న గిరాకి ముదిరిన టెంకకు లేదు. ఆ టెంకను పాతిన పిమ్మట వచ్చు తేగ చెట్టుకాని చెట్టు. దానినే కాల్చి యిష్టముతో తినుచున్నాము.

మరియొక ప్రాణిని గూర్చి చెప్పినచో బాలురు నవ్వుదురు గాని చెప్పెదను. స్లేకాత్ అను బద్ధకపు జంతువు పదునెనిమిదవ మెట్టున విగరాత్, ముప్పదియారవ మెట్టున స్లేకింగ్ అగును. మొదటిదియు చివరిదియు వంతు విడిచి వంతు పడుకొనును. అది వాని జన్మగుణము. నడిమి విగరాత్‌కు మాత్రము నిద్రయే యెరుగని చురుకుదనము. మూలబలముల మొత్తము విగరాత్‌కు 440, స్లేకింగునకు 670. అంత బలము నుండియు సగము కాలము ఊరకుండువాడు గొప్పయా, తక్కువ బలముతో నెడతెగక పనిచేయువాడు గొప్పయా? 2016 డిసెంబరులో మన దేశమునకు వచ్చిన పోకెమాన్ గో అను మొబైలు ఆటలో ఈవియొలైట్ వంటి మణులు లేవు. కాని 1500 బలమునకు మించరాదను పోటీ యొకటి యున్నది. ఆ పోటీలో విగరాత్ అనేకుల జట్లలో స్థానము సంపాదించినది. స్లేకింగునకో, ఆ యాటలో చాలకాలము మొదటి దెబ్బ ఆవులింతయే!

అన్ని మధ్యరూపములును మంచివని నేననుట లేదు. ఏడవ మెట్టున గూడు కట్టుకొను మెటాపాడ్ తొలి యాటలో ఒళ్లు బిరుసు చేసికొనుట తప్ప వేరొక విద్యను క్రొత్తగా నేర్చుకొనదు. పదియవ మెట్టున అది సీతాకోకచిలుక యగువరకు ఓపికతో మోయవలసినదే. సైథర్ సంగతి వేరు. అది సిజర్ అయినపుడు మొత్తము 500 నుండి 500గనే యుండును. బలమును రక్షణయు హెచ్చును, వేగము 105 నుండి 65కు పడిపోవును. దానిని పెరుగుట యందుమా, మార్పిడి యందుమా?

తొందరపాటు వలని నష్టమును రైచూ చూపుచున్నది. తొలి యాటలో పికాచూకు పిడుగురాయి నిచ్చినచో ఆ క్షణముననే రైచూ యగును. కాని పికాచూ మెట్లెక్కుచు తనంత తాను నేర్చుకొనగల విద్యలను రైచూ ఆ పిమ్మట నేర్చుకొనజాలదు. ముందుగా నేర్వనిది పోయినట్లే. ఈ సంగతిని నాకు వివరించిన ఎనిమిదవ తరగతి బాలుడే, సాయంకాలము ఐ.ఐ.టి. ఫౌండేషన్ అను తరగతికి పోవుచున్నాడు. అచ్చట పదునొకండవ తరగతి లెక్కలు చెప్పుచున్నారట. భిన్నముల కూడికలో వాడింకను తడబడుచున్నాడు. వాని తండ్రి మంచివాడు, కష్టజీవి. కుమారుడు ముందుకు పోవలెనని అప్పు చేసి రుసుము కట్టుచున్నాడు. ఆయనతో నేను వాదింపలేదు. ఎనిమిదవ తరగతిలో నేర్వవలసినవి ఎనిమిదవ తరగతిలోనే నేర్చుకొననిండని మాత్రము వేడుకొంటిని. పదమూడేండ్ల బాలుడు ఇంజినీరునకు చిత్తుప్రతి వంటివాడు కాడు. వాడు ఇప్పుడే చెల్లెలికి పద్యములు చెప్పగలడు, అమ్మకు మందుసీసా మీది కాలపరిమితి చదివి పెట్టగలడు, తోటివాడు జ్వరపడినపుడు పాఠము వ్రాసి యియ్యగలడు. వీనికి మార్కులు వేయు పట్టిక మన యొద్ద లేకుండుట పట్టిక లోపము.

ఇక బాలుర వాదమునకు నా తీర్పు. నాక్ ఆఫ్ భయము తక్కువగా నున్నచోట చాన్సీని చాన్సీగనే యుంచుడు. విగరాత్‌ను ఉంచుకొనదలచినవాడు ముప్పదియారవ మెట్టు మొదలుకొని రూపము మారబోవునపుడెల్ల బి మీటను నొక్కుటకు మరువరాదు. మార్పు నాపు ఎవర్‌స్టోన్ అను రాయి యున్నది గదా యందురేమో. ఆ రాతిని పట్టినచో ఈవియొలైట్‌ను పట్టుటకు చేయి ఖాళీ యుండదు.