తుంటి కీలుకూ ఒక చిట్టా కావాలి

గాజువాకలో ఇల్లు కట్టుకొన్న వారు గమనించే ఉంటారు. ఉక్కు కర్మాగారం నుండి వచ్చిన కడ్డీల కట్టకు, అది ఏ పోతలోనిదో తెలిపే చిన్న బిళ్ల వేలాడుతూ ఉంటుంది. రేపు ఆ ఉక్కులో లోపం కనబడితే మూలాన్ని వెదకి పట్టుకోవచ్చు. గోడలోని ఇనుముకు ఉన్న ఈ జాడ, మనిషి ఎముకలో అమర్చిన లోహానికి ఉండవద్దా అన్నదే మా ప్రశ్న.

అరిగిపోయిన తుంటికి కృత్రిమ కీలు అమర్చే చికిత్సను 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ ఒక దారికి తెచ్చారు. ఆయన కీలును ఆక్రిలిక్ సిమెంటుతో ఎముకకు బిగించారు. పిమ్మట సిమెంటు అక్కరలేని కీళ్లు వచ్చినవి. వీటి గరుకైన పైపొరలోనికి ఎముకయే పెరిగి కీలును పట్టుకొంటుంది. వయసులో ఉన్నవారికి వైద్యులు ఎక్కువగా వీటినే ఎంచుకొంటున్నారు. మన మన్యప్రాంతంలో సికిల్ సెల్ వ్యాధి ఉన్నది. ఆ వ్యాధి వల్ల తొడ ఎముక తలకు రక్తం అందక, అది శిథిలమై, చిన్న వయసులోనే నడక చెడేవారుంటారు. ఇరవై అయిదేళ్ల యువకునికి అమర్చిన కీలు ఏడాది బాగుంటే చాలునా?

పదేళ్లు గడచినా సిమెంటు లేని కీళ్లలో అత్యధిక భాగం చక్కగా పనిచేస్తున్నవని విదేశాల రిజిస్టర్లు చెబుతున్నవి. వృద్ధులలో మాత్రం వీటితో తొడ ఎముక చిట్లే ప్రమాదం హెచ్చని చెబుతున్నవీ అవే. మంచైనా చెడైనా లెక్క వ్రాసినవారికే తెలిసినది.

ఏ.ఎస్.ఆర్. కీలు ఉదంతమే ఇందుకు సాక్ష్యం. దాని గిన్నె కూడా సిమెంటు లేకుండా బిగించేదే. అయితే అసలు దోషం లోహంపై లోహం రాపిడిలో ఉన్నది. కోబాల్టు, క్రోమియం కండరాలలోనికీ రక్తంలోనికీ చేరినవి. అయిదేళ్లలో నూటికి పన్నెండు, పదమూడుగురికి మళ్లీ శస్త్రచికిత్స అవసరమైనదని ఇంగ్లండు, వేల్సుల రిజిస్టరు తేల్చినది. 2010 ఆగస్టులో తయారీదారులు ఆ కీలును ప్రపంచమంతటా ఉపసంహరించుకొన్నారు. మన దేశంలో దాదాపు 4,700 శస్త్రచికిత్సలు జరుగగా, 3,600 మందికి పైగా రోగుల జాడ దొరకలేదని 2018లో వెల్లడైనది. పరిహారం ప్రకటించినారు సరే, పుచ్చుకొనే చేయి ఏదీ?

విదేశీ లెక్కలు ఉన్నవి గదా అని కొందరనవచ్చు. నమాజులో సజ్దాకు వంగే పెద్దలు, నేలపై బాసింపట్టు వేసుకొని భోంచేసే రైతులు ఆ లెక్కలలో ఎందరున్నారు? మన దేశంలో శస్త్రవైద్యుల సంఘం నడుపుతున్న రిజిస్టరు స్వచ్ఛందమైనది. చట్టం దానిని తప్పనిసరి చేయాలని మా అభిప్రాయం. వైద్యపరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ 2018లో మన పొరుగుననే ఆరంభమైనది. పరికరం పుట్టిన చోటనే దాని చిట్టాకూ గౌరవం దక్కాలి.

అంతవరకు చేయదగిన పని ఒకటున్నది. కీలు మార్పిడి జరిగిన ప్రతి ఇంట, కీలు పేరు, సంఖ్య, తేదీ ఉన్న చీటీని రేషను కార్డు వలె భద్రపరచేటట్లు చూడాలి. సెలవులలో మన విద్యార్థులు ఈ మాటను ఉర్దూలోనూ తెలుగులోనూ ఇంటింటికీ చేర్చడానికి కళాశాల కమిటీవారు అనుమతి, ప్రోత్సాహం ఇవ్వాలని కోరుతున్నాము.