ముందు రబ్బరు చూడండి బాబూ

మా సాఫ్ట్‌వేర్ జనానికి ఓ జబ్బుంది. లారీ ఇంజిన్ కంప్యూటర్ కాసేపు తిక్కగా ప్రవర్తించి, మళ్ళీ దానంతటదే కుదురుకుందంటే ముందు కోడ్‌నే అనుమానిస్తాం. కోడ్ రాసి బతికేవాణ్ణే అయినా, నన్నడిగితే ముందు చూడాల్సింది ఆ పెట్టెని పట్టుకున్న రబ్బరు మౌంట్లని.

ఇక్కడ అమెరికాలో చాలా పెద్ద లారీలకి ఆ పెట్టెని ఇంజిన్‌కే బిగిస్తారు. ఆరు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ డీజిల్ ఇంజిన్‌లో ఒక్కో చుట్టుకి మూడుసార్లు ఇంధనం మండుతుంది. అంటే నిమిషానికి 600 చుట్లతో ఐడిల్‌లో ఉన్నా సెకనుకి 30 కుదుపులు, 1800 దగ్గర 90. ఆ అదురు లోపలి సోల్డరింగ్ అతుకుల దాకా పోకుండా కాసేది ఆ రబ్బరే.

ఏళ్ళ తరబడి వేడికి అది బిగుసుకుపోతుంది. అప్పుడు అదురుని ఆపడం మాట అటుంచి, కొన్ని వేగాల దగ్గర పెంచనూవచ్చు. అతుకు సన్నగా చిట్లితే ఓసారి తగులుతుంది, ఓసారి తగలదు. దాన్ని ఏ ప్రోగ్రామూ సరిచెయ్యలేదు.

బిగుసుకుపోయిన రబ్బరు మీదే కొత్త పెట్టె పెట్టి వేల డాలర్ల బిల్లు చేతికివ్వడం అన్యాయం కాదూ? లారీ ఆగినా దాని యజమాని కట్టాల్సిన వాయిదా ఆగదు కదా!