తాగేవారందరిదీ ఒకే జబ్బా?

రాజేంద్రనగర్‌లో మా వీధిలో మద్యానికి బానిసలైనవారు ఇద్దరున్నారు. ఒకరు ఇరవై యేళ్లు నిండకముందే సీసా పట్టారు, తాగితే కొట్లాటే. తండ్రిదీ అదే దారి. రెండవవారు ఉద్యోగ విరమణ తరువాత దిగులు మరువడానికి మొదలుపెట్టారు. తాగి ఓ మూల కూర్చుని కన్నీరు పెట్టుకొంటారు. ఇద్దరి ఇల్లాళ్లూ నన్నడిగింది మాత్రం ఒకే ప్రశ్న: “అన్నయ్యగారూ, ఆయనకు తెలియకుండా కూరలో కలిపే మందేదైనా ఉందా?”

ఇద్దరికీ ఒకే మందు పనికిరాదని నా అభిప్రాయం. అమెరికా వైద్యుడు క్లోనింజర్ ఈ వ్యసనాన్ని రెండు రకాలుగా విభజించి 1987లో వివరించాడు. మొదటిది సాధారణంగా పాతికేళ్లు దాటాక, ఆందోళనతో ముడిపడి వచ్చేది. రెండవది చిన్న వయసులోనే మొదలై, వంశపారంపర్య ప్రభావం హెచ్చుగా ఉండి, దుడుకుతనంతో కూడినది. తొందరపాటుకు కళ్లెం వేసే సెరొటోనిన్ అనే మెదడు రసాయనం పనితీరు ఈ రెండవ రకంలో మందగించి ఉంటుందని పలు పరిశోధనలు సూచించాయి. సెరొటోనిన్ గ్రాహకాలపై పనిచేసే ఆండాన్‌సెట్రాన్ అనే మందు చిన్న వయసులో వ్యసనం పాలైనవారిలోనే తాగుడును తగ్గించిందని 2000లో ఒక పరిశోధన తెలిపింది. అయితే మనుషులందరూ ఈ రెండు గళ్లలోనే ఇమడరు.

చరక సంహిత చికిత్సా స్థానం 24వ అధ్యాయం కూడా మదాత్యయాన్ని వాత, పిత్త, కఫ, సన్నిపాత భేదాలుగా వివరించింది. దోషాలూ సెరొటోనినూ ఒకటేనని నేననను. రోగిని చూచి చికిత్స నిర్ణయించాలన్న సూత్రం మాత్రం ఒకటే.

అరటిపండులో సెరొటోనిన్ ఉన్నదన్న మాట నిజమే. కాని తిన్న సెరొటోనిన్ రక్తం నుండి మెదడులోనికి చేరదు. ఇక కూరలో రహస్యంగా మందు కలపడం మహా ప్రమాదం. అది డైసల్ఫిరాం అయితే, ఆ సంగతి తెలియక మద్యం తాగిన మనిషి రక్తపోటు పడిపోయి ప్రాణాల మీదికి రావచ్చు. ఏళ్ల తరబడి తాగినవారిచేత ఇంట్లో హఠాత్తుగా మాన్పించినా రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛలు, మతిభ్రమణం కలుగవచ్చు. కనుక ముందు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల వంటి చోట చూపించండి. మజ్జిగ, దంపుడు బియ్యపు అన్నం, పెసరకట్టు వంటివి చికిత్సకు తోడు మాత్రమే.

1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. దుకాణానికి తాళం వేయవచ్చు. లోపలి తపనకు వైద్యమే కావాలి. అది రోగికి తెలిసి, అతని సమ్మతితో జరగాలి.